పుట్టకముందే పడిన టీకాలు

మా అమ్మాయి పుట్టడానికి పదిన్నర నెలల ముందే దానికి క్షయ రాకుండా వేసే టీకా పడింది. ఆ తర్వాత మూడు విడతల సూదులు, మూడు విడతల పోలియో చుక్కలు. తట్టు టీకా అయితే మరీ దగ్గర, పుట్టడానికి నెలన్నర ముందు. గోరంత దొరికితే కొండంత చేస్తానని బంధువుల్లో నాకు పేరుంది. ఆ పేరు నేను చెమటోడ్చి సంపాదించుకున్నదే. కానీ ఈ విషయంలో నా కల్పన ఇసుమంత కూడా లేదు. అంతా కాగితాల మీద ఉంది. ఒకటి మా ఊరి గవర్నమెంటాసుపత్రి వాళ్ళిచ్చిన టీకాల కార్డు, రెండోది పాస్‌పోర్టు. రెండూ సర్కారువే. రెండింటి మీదా ముద్రలున్నాయి.

ఇందులో కిటుకు మా మామగారు. ఆయన ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మాస్టరు. ఆయన చేతిమీదుగా బళ్ళో చేరిన పిల్లలందరూ జూలై ఒకటినే పుట్టారు. కరణంగారి అబ్బాయీ, చాకలి వీధి కవల పిల్లలూ, చివరికి ఆయన మీద అర్జీలు పెట్టే ప్రెసిడెంటుగారి మనవడూ, అందరూ ఆ ఒక్కరోజే. ఆ రోజున ఊళ్ళో మంత్రసానులు ఎలా తట్టుకున్నారో నాకు ఊహకందదు. "ఏడాది తగ్గించి రాస్తే రేపు ఉద్యోగంలో ఏడాది ఎక్కువ చేస్తాడు. ఆడపిల్లయితే సంబంధాలప్పుడు ఏడాది చిన్నదవుతుంది. ఎటు చూసినా మనకే లాభం" అనేది ఆయన సిద్ధాంతం. శ్రావణమాసంలో కుండపోతగా వాన పడుతుండగా పుట్టిన సొంత మనవరాల్ని కూడా ఆయన వదల్లేదు. మరుసటి ఏడు జూలై ఒకటికి జరిపేశారు. పాస్‌పోర్టుకి ఆయన బడి సర్టిఫికెట్టే ఆధారం కాబట్టి భారత ప్రభుత్వం కూడా మా మామగారి మాటే నమ్మింది.

ఇదంతా తొంభైల మొదట్లో మాట. అప్పటికి నేను బహ్రెయిన్ వచ్చి ఆరేళ్ళు. తుబ్లీలో ఒక వర్క్‌షాపులో ఏసీ గొట్టాలకి బొమ్మలు గీసే పని. ముహర్రక్‌లో, విమానాశ్రయానికి కూతవేటు దూరంలో, ఒక కుట్టుమిషన్ల దుకాణం పైన గది. విమానం దిగేటప్పుడు గదిలో గ్లాసులు వాటంతట అవే బల్ల చివరికి నడిచేవి. ఎక్కేటప్పుడు వెనక్కి వచ్చేవి. ఆరేళ్ళూ నేను మాట్లాడింది ఎక్కువగా ఫ్రిజ్‌తో. అది ఓపిగ్గా వినేది, మధ్యలో ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక చప్పుడు చేసి ఆగిపోయేది. అప్పుడు గదిలో ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, నా మీసాలు పెరగడం నాకు వినపడేది.

అమ్మాయి పుట్టిన ఏడే నేను ఇక్కడికొచ్చాను. సెలవు మీద ఇంటికెళ్ళిన రెండుసార్లూ అది నన్ను చూసి మంచం కిందికి దూరింది. రెండోసారి తిరుగు ప్రయాణం రోజుకి సగం బయటికొచ్చింది. ఆ లెక్కన పూర్తిగా రావడానికి ఇంకో సెలవు పట్టేది. ఈలోగా కంపెనీ నన్ను ఒక మెట్టు ఎక్కించి ఫ్యామిలీ వీసా ఇచ్చింది. ఫిబ్రవరిలో భార్యా, బిడ్డా దిగారు. సామాన్లో బట్టలకంటే పచ్చళ్ళు ఎక్కువ. దిగిన సాయంత్రమే మా ఆవిడ పచ్చళ్ళ జాడీలు అరల్లో సర్దుతూ షరతు చెప్పింది.

"దీనికి నిజానికి ఆరు నిండాయి. ఇక్కడ బడి దొరికితే ఉంటాం. దొరక్కపోతే జూన్‌కల్లా మా నాన్న బళ్ళో వేస్తాను. ఇప్పటికే ఒక ఏడాది ఆయన మింగేశాడు, ఇంకోటి మీరు మింగడానికి వీల్లేదు."

"దొరక్కేం, నేనున్నాగా" అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నేను జాడీల మధ్య నిలబడి ఉన్నాను. నాకంటే ఆవకాయ గంభీరంగా ఉంది.

మనవాళ్ళ పిల్లలు చదివే బడి ఒకటుంది. మిగతావి మేనేజర్ల పిల్లలవి, వాటి గేటు చూడ్డానికే నాకు జంకు. మనవాళ్ళ బళ్ళో సీట్లు తక్కువ. అప్లికేషన్ తీసుకున్న గుమస్తా అన్నీ చూసి, "మార్చి ఆఖరుకల్లా టీకాల కాగితం హెల్త్ సెంటర్‌లో ముద్ర వేయించి తెండి. సీటు అప్పటిదాకా ఉంచుతాను" అన్నాడు. మా ఆవిడ మొహం వెలిగింది. ఆ కార్డు ఆమె ఆస్తి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పట్టుచీర మడతల్లో దాచి సముద్రం దాటించింది. అంచున పసుపు బొట్టు కూడా పెట్టింది. టీకాల గడి ఒక్కటీ ఖాళీ లేదు. బారసాలకి ముందే రాసింది కాబట్టి పేరు దగ్గర మాత్రం తల్లి పేరే ఉంది. ఆమెకి దాన్ని చూస్తే ఫస్టుక్లాసు మార్కుల కాగితం చూసినంత తృప్తి.

హెల్త్ సెంటర్‌లో టీకాల గదికి ఒక పెద్దావిడ అధిపతి. నల్ల అబాయా మీద తెల్లకోటు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. ఇండియా వాళ్ళకి సూదులు వేసీ వేసీ హిందీ ధారాళంగా మాట్లాడేది. కార్డు ఒక చేత్తో, పాస్‌పోర్టు ఒక చేత్తో పట్టుకుని, తలని ఇటూ అటూ తిప్పింది. నాకు అప్పటికీ తట్టలేదు. ఆ పాస్‌పోర్టు తేదీ మా ఇంట్లో ఎంత సహజమైపోయిందంటే, అబద్ధమన్న సంగతే మరిచిపోయాం.

"ఈ పిల్ల ఇంకా పుట్టనే లేదు" అందామె. "టీకాలన్నీ అయిపోయాయి."

వెనక వరుసలో తల్లులందరూ నావైపు చూశారు. రెండు వందల మంది ఉంటారు. సరే, ఎనిమిది మంది.

"ఏది నిజం?" అందామె. గద్దించలేదు. టైమెంతయిందని అడిగినంత మామూలుగా అడిగింది.

అక్కడ ఒక్క ముక్క చెబితే పోయేది. కానీ ఆ ఒక్క ముక్క పాస్‌పోర్టు తప్పు అని. పాస్‌పోర్టు తప్పయితే వీసా తప్పు, వీసా తప్పయితే వీసాకి పూచీపడ్డ కఫీల్ దగ్గరికి కబురు, ఆ తర్వాత అంతా కలిసి విమానం. నా బుర్ర క్షణంలో ముహర్రక్ విమానాశ్రయం దాకా వెళ్ళి, బోర్డింగ్ కార్డు తీసుకుని తిరిగొచ్చింది. నోరు మాత్రం దాని దారిన అది బయల్దేరింది.

"పాస్‌పోర్టే నిజం. ఈ కార్డు దాని అక్కది. పొరపాటున తెచ్చాం."

"మరి దీని కార్డు?"

మామూలు మనిషైతే ఇంట్లో ఉందనేవాడు. ఆమె పోస్టులో తెప్పించమనేది. నేను ఒక నెలలో మామగారి చేత కొత్త కార్డే రాయించేవాణ్ణి. ఆయనకి అదొక లెక్కా. కానీ నాకు అబద్ధంలో కూడా పొదుపు తెలీదు.

"వరదలో పోయిందమ్మా. గోదావరి ఇంట్లోకి వచ్చింది. బీరువాతో సహా కొట్టుకుపోయింది."

ఆమె కళ్ళజోడు తీసేసింది. "అల్లా" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఇక తిరుగు లేదు. నదిని లోపలికి రానిచ్చిన తర్వాత బయటికి పంపడం కష్టం.

ఆమె పిల్ల జబ్బ మీద గౌను చెయ్యి పైకి మడిచి, అక్కడున్న మచ్చ చూసి, "ఇది పడింది, దీనికి మచ్చే సాక్ష్యం. మిగతావి మొదట్నుంచీ వెయ్యాలి" అని కొత్త కార్డు తీసింది. మేం తెచ్చిన పాత కార్డు జిరాక్సు తీయించి, "అక్క" పేరుతో ఒక ఫైలు తెరిచింది. ఇద్దరన్నమాట అని పిల్లకి రెండు వేళ్ళు చూపించింది. ఇలాంటి వాటిలో ఆమె చాలా శ్రద్ధ గలది. అలా నా మూలంగా బహ్రెయిన్ జనాభా కాగితాల్లో ఒకరు పెరిగారు.

సూది పడింది. అమ్మాయి ఏడవలేదు. ఇంటికి వచ్చే దారిలో జబ్బ పట్టుకుని అడిగింది.

"నాన్నా, ఆవిడ రెండు వేళ్ళెందుకు చూపించింది?"

"నీకో అక్క ఉందని."

"ఉందా?"

"ఆవిడ దగ్గర ఉంది."

అది పది అడుగులు నడిచింది. తర్వాత, "అక్కకి కూడా సూది వేశారా?" అంది. దానికి ఎన్ని సూదులు పడ్డాయో చెప్పాను. దాని మొహంలో జాలి వచ్చింది.

గుమస్తా కొత్త కార్డు చూసి తల అడ్డంగా ఊపాడు. మూడు డోసుల్లో కనీసం రెండు పడితే గానీ తీసుకోరట. రెండో డోసు మే నెల మధ్యలో. సీటు మార్చి ఆఖరు దాకా. "లేదంటే ఇదుగో, ఇది" అని ఇంకో కాగితం ఇచ్చాడు. టీకా పడని పిల్లలకి వైద్య కారణాల మీద మినహాయింపు. డాక్టరు సంతకం కావాలి. మనిషి మంచివాడే. అతని బల్ల మీద అలాంటి పిల్లల కాగితాలు నా భుజం ఎత్తు ఉన్నాయి.

మా కంపెనీ వ్యాను నడిపేది నిజామాబాద్ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. మొత్తం అరబ్బు దేశాలన్నిటినీ కలిపి దుబాయి అనేవాడు. బహ్రెయిన్‌లో పదిహేనేళ్ళున్నా తను ఉంటున్నది దుబాయిలోనే. పొద్దున్నే వ్యానులో నా గోడు విని తేలిగ్గా నవ్వాడు.

"గింత దానికి పరేషాన్ ఎందుకు సార్. మా ఊరాయన ఒకడు క్లినిక్‌ల పనిజేస్తడు. ఈ పిల్లకు సూది పడదు, ఏస్తే ఫిట్సు వస్తయని రాయిస్తడు. సంతకం, ముద్ర. ఖలాస్."

"అబద్ధం కదా భాయ్."

"అక్కను పుట్టిచ్చినవ్, గోదారిని తెచ్చినవ్. ఫిట్సు దగ్గర నీకు నీతి యాదికొచ్చిందా?"

నేను వ్యాను కిటికీ అద్దం దించి, మళ్ళీ ఎత్తాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె పప్పు తిరగమోత పెడుతోంది. గరిటె అలాగే గాల్లో ఆగిపోయింది. ఆవాలు చిటపటలాడి, మాడి, పొగ వచ్చేదాకా ఆమె నావైపు చూస్తూనే ఉంది.

"పిల్లకి లేని జబ్బు కాగితం మీద రాయిస్తారా? తథాస్తు దేవతలు ఈ దేశంలో తిరగరనుకున్నారా?"

"మీ నాన్న వయసు తగ్గించి రాస్తే లేనిది..."

"వయసు వేరు. అది తగ్గించినా పెరుగుతుంది. జబ్బు అలా కాదు, రాస్తే వచ్చి కూచుంటుంది. ఆ కాగితం ఇంట్లోకి వస్తే నేనూ పిల్లా ఆ పూటే బయటికి పోతాం." మాడిన పోపు సింకులో పారబోసి, నీళ్ళు తిప్పి, కాస్త మెత్తబడి అంది. "వెళ్ళి ఉన్నమాట చెప్పరాదూ. ఆవిడ పెద్దావిడే కదా. పిల్లల తల్లి అయ్యుంటుంది. మా నాన్న చాదస్తం అని చెప్పండి. తిట్టినా ఆయన్నే తిడుతుంది."

ఇంత సులువైన దారి ఉందని నాకూ తెలుసు. దాన్ని మా ఆవిడ నోట వినేసరికి మరీ కష్టమైనట్టు తోచింది.

ఈ వ్యవహారం నడుస్తుండగానే అక్క మా ఇంట్లో కాపురం పెట్టింది. మా అమ్మాయికి ఆ ఊళ్ళో తోడెవరూ లేరు. కింద దుకాణంలో కుట్టుమిషన్లు, పైన విమానాలు, మధ్యలో అది. పగలంతా కిటికీ దగ్గర స్టూలు మీద నిలబడి వీధిలోకి చూసేది. సాయంత్రం నేను వచ్చేసరికి దాని పక్కన ఇంకో స్టూలు ఉండేది.

"అక్కకి కూడా అన్నం పెట్టమ్మా" అంది ఒకరోజు.

మా ఆవిడ నావైపు తిరిగింది. "మీరెక్కడో కన్న బిడ్డకి నేను అన్నం పెట్టాలా?" అంది. అంటూనే ఒక చిన్న ప్లేటు తీసి, రెండు ముద్దలు పెట్టింది. ఆ ముద్దలు ఎవరు తిన్నారో చెప్పను. కందిపొడి బావుంది.

అక్కకి అన్నీ వచ్చు. అరబ్బీ వచ్చు, ఈత వచ్చు, చీకటంటే మాత్రం భయం. ఒక శుక్రవారం, అక్కడ వారానికి అదే సెలవు, వ్యాను భాయ్ మమ్మల్ని బుదైయా తోటల వైపు తీసుకెళ్ళాడు. పిల్ల వెనక సీట్లో ఒక పక్కకి జరిగి కూచుంది. "గట్ల ఇరుక్కోని కూసున్నవేంది బిడ్డా, మస్తు జాగుంది గదా" అన్నాడాయన. "అక్కుంది" అందది. ఆయన అద్దంలో నావైపు ఒక్క చూపు చూసి, "అయితే సరే, సలాం అక్కా" అని వెనక్కి తిరిగి ఖాళీ సీటుకి నమస్కారం పెట్టాడు. తోటలో ఎవరో ఇచ్చిన రెండు టమాటాలూ ఇంటిదాకా అది కొరక్కుండా తెచ్చింది, ఒకటి తనది కాదు కాబట్టి.

ఇంకోరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి రెండో స్టూలు ఖాళీగా వంటగదిలో ఉంది.

"అక్క ఏది?"

"బడికెళ్ళింది" అంది, కిటికీలోంచి కళ్ళు తిప్పకుండా. "దానికి సీటొచ్చింది."

మర్నాడు నేను ఆఫీసుకి సెలవు పెట్టి హెల్త్ సెంటర్‌కి వెళ్ళాను. మార్చి ఆఖరు, ఇంకా మూడు రోజులుంది. బయట ఇసుక గాలి. నాలిక మీద, కనురెప్పల మీద, మనసులో తయారు చేసుకున్న వాక్యాల మీద ఇసుక. వాక్యాలు మూడు. కార్డు దీనిదే. తేదీ మా మామగారు మార్చారు. క్షమించండి. ముహర్రక్ నుంచి అక్కడిదాకా వాటినే వల్లించుకుంటూ నడిచాను. హిందీలో, ఇంగ్లీషులో, ఎందుకైనా మంచిదని తెలుగులో కూడా.

గదిలోకి అడుగు పెట్టగానే పెద్దావిడ లేచి నిలబడింది. పక్కగదిలోని నర్సుల్ని ఇద్దర్ని కేకేసి అరబ్బీలో ఏదో చెప్పింది. ఇతనే, వరద మనిషి, అని నాకు అర్థమైంది. వాళ్ళు నాలుకలు చప్పరించి జాలిగా చూశారు. ఒకామె నాకు కుర్చీ వేసింది. ఇంకొకామె టీ తెచ్చింది. పెద్దావిడ అడిగింది.

"ఆ రోజు అడగడం మరిచిపోయాను. మీ ఇంట్లోవాళ్ళు అందరూ క్షేమమేనా? ఎవరూ పోలేదుగా?"

మూడు వాక్యాలూ పెదవుల దాకా వచ్చి ఉన్నాయి. ఆ టీ, ఆ మూడు జతల కళ్ళు, ఆ కుర్చీ. ఇప్పుడు అక్క లేదనాలి. బీరువా ఇంట్లోనే ఉందనాలి. గోదావరి గట్టు దాటలేదనాలి. ఆరేళ్ళలో ఆ దేశంలో నా ఇంటివాళ్ళ క్షేమం అడిగిన మొదటి మనిషి ఆమె. ఆమె మొహం మీద, నువ్వు జాలిపడింది ఉత్త గాలికి అని ఎలా చెప్పడం?

"మనుషులకేం కాలేదమ్మా" అన్నాను. "ఒక గేదె పోయింది."

"ఇన్నాలిల్లాహ్" అందామె, గేదె కోసం. "ఇవాళ ఎందుకొచ్చావు నాయనా?"

"రెండో డోసు తారీకు కనుక్కుందామని."

"కార్డు మీద రాశానే" అని మళ్ళీ చెప్పింది. వచ్చేటప్పుడు ఒక పొట్లం చేతిలో పెట్టింది. వాళ్ళ తోటలో ఖర్జూరాలట, మీ ఇల్లాలికి ఇవ్వు అంది.

ఇల్లాలు గుమ్మంలోనే ఎదురుచూస్తోంది.

"ఏమందీ?"

"ఒప్పుకోలేదు. పాస్‌పోర్టే చూస్తామంది."

ఆమె పొట్లం విప్పింది. "ఒప్పుకోనావిడ ఖర్జూరాలెందుకిచ్చింది?"

"ఇక్కడ అంతే. కుదరదని చెప్పేటప్పుడు తీపి ఇస్తారు."

ఆమె ఒక ఖర్జూరం తీసి, గింజ తీసి పిల్ల నోట్లో పెట్టింది. ఆమె నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ రోజు నేను నోరు విప్పనే లేదని ఆమెతో ఎన్నడూ అనలేదు. వేరే అబద్ధాలన్నీ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నేనే కథలుగా చెప్పి నవ్వించాను. గేదెని మాత్రం వరద చెప్పిన రోజుకి జరిపేశాను, అక్కడ అందరూ పడీ పడీ నవ్వుతారు. ఈ ఒక్కటి మాత్రం పొడుగు చెయ్యడానికి చేతకాలేదు. మూడే మూడు ముక్కలది. వెళ్ళాను, చెప్పలేదు, వచ్చాను.

సీటు ఏప్రిల్ ఒకటిన ఇంకో పిల్లకి వెళ్ళిపోయింది.

మే మొదటివారంలో వాళ్ళు బయల్దేరారు. మధ్యాహ్నం విమానం. ఖాళీ జాడీలు ఒక్కటి కూడా వదలకుండా మా ఆవిడ సర్దింది, నిండువి మాత్రం నాకు ఉంచింది. విమానాశ్రయంలో, లోపలికి వెళ్ళే గీత దగ్గర, ఆమె నాకు మందుల జాబితా, గాస్ కట్టేయడం, తలకి నూనె వగైరాలన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆ గీత దాటాక చెప్పడానికి ఏమీ మిగలకూడదన్నట్టు చెప్పింది. అమ్మాయి నా వేలు వదిలి, నన్ను కిందికి వంగమంది.

"అక్కని నీ దగ్గరుంచుతున్నాను" అంది చెవిలో. "నువ్వొక్కడివే ఉంటావుగా. రాత్రి లైటు తియ్యకు. దానికి భయం."

"మరి నీకు?"

"నాకు అమ్మ ఉందిగా."

మంచం కింద దూరిన పిల్ల. మూడు నెలల్లో పూర్తిగా బయటికి వచ్చింది.

గదికి నడిచి వచ్చాను. దూరమేమీ లేదు. మెట్లెక్కుతుంటే విమానం పైనుంచి వెళ్ళింది. లోపల గ్లాసులు వెనక్కి నడిచిన చప్పుడు వినిపించింది. ఆ విమానమే అయ్యుండాలి. ముహర్రక్‌లో అలాంటివి గంటకి నాలుగు పోతాయి, అయినా అదే అనుకున్నాను. కిటికీ దగ్గర రెండు స్టూళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి. వాటిని తీసి వంటగదిలో పెట్టలేదు. బద్ధకం. లైటు కూడా తీయలేదు. కరెంటు కంపెనీదే కాబట్టి.

ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పిల్ల కొత్త కార్డు ఉండిపోయింది. మూడు గడుల్లో ఒకటే నిండింది. రెండో గడిలో తారీకు పెన్సిల్‌తో రాసి ఉంది. పాలు తీసినప్పుడల్లా కనపడేది. రోజుకి పదిహేడుసార్లు పాలు తీసేవాణ్ణి.

ఆ తారీకు వచ్చింది. నాకు ఆ నెల మొత్తంలో ఎవరితోనైనా ముందుగా అనుకున్న పని అదొక్కటే. వెళ్ళాను. వెళ్ళి ఏం చెయ్యాలో తెలీదు. టోకెను తీసుకుని, తల్లుల మధ్య, ఒళ్ళో ఎవరూ లేకుండా కూచున్నాను. పక్కనున్న చంటివాడు నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోతే వాళ్ళమ్మ లాగేసింది.

నా ముందు ఒక మలయాళీ తండ్రి. పక్కన ఏడేళ్ళ పిల్లవాడు. పెద్దావిడ పాస్‌పోర్టూ, కార్డూ పక్కపక్కన పెట్టి తలని ఇటూ అటూ తిప్పింది.

"ఏది నిజం?"

"కార్డు" అన్నాడతను. "పాస్‌పోర్టులోది బడి కోసం వేసిన తారీకు."

"మీ అందరికీ ఇదొక జబ్బు" అందామె తల ఎత్తకుండా. పిల్లవాడి జబ్బ మీద మచ్చ చూసింది. కాగితం మీద రెండు వాక్యాలు రాసింది. ముద్ర వేసింది. నేను లెక్కపెట్టాను, మొత్తం ముప్ఫై సెకన్లు. అందులో సగం సిరా డబ్బా మూత రాక పట్టిన టైము.

నా వంతు వచ్చింది. నన్ను చూడగానే ఆమె నవ్వింది, తర్వాత నా పక్కన చూసింది.

"పాప ఏదీ?"

"ఇండియా వెళ్ళిపోయింది. వాళ్ళమ్మతో."

"బడి?"

"దొరకలేదు."

ఆమె పెన్ను మూత పెట్టింది. నా టోకెను అంచు వేలితో రుద్దింది. "పోనీలే" అంది. "వాళ్ళక్క దగ్గరికే కదా వెళ్ళింది. అక్కచెల్లెళ్ళు విడిగా ఉండకూడదు."

అది కూడా ఒక సందే. చెప్పడానికి ఇప్పుడు అడ్డం ఏమీ లేదు, పోయేదీ లేదు. ముందు మనిషి ముప్ఫై సెకన్లలో చెప్పి వెళ్ళాడు. నేను నోరు తెరిచాను.

"లేదమ్మా. పెద్దది ఇక్కడే ఉంది. నా దగ్గర."

"ఇక్కడా? ఎప్పుడొచ్చింది?" ఆమె మొహం ఎంత విప్పారిందంటే నాకు ఆ గదిలో రెండో ట్యూబులైటు వెలిగిందనిపించింది. "మంచి పని చేశావు. మనిషికి ఇంట్లో ఒక పిల్లైనా ఉండాలి." లేచి అలమారా తీసి, వెతికి, అక్క ఫైలు బయటికి లాగింది. లోపల పాత కార్డు జిరాక్సు. పసుపు బొట్టు నల్లమచ్చగా పడింది. వేలితో గడులన్నీ ఒక్కొక్కటీ తడిమి చూసింది. "అన్నీ సరిగ్గా వేయించారు. ఇంక దీనికి బూస్టర్ ఒకటే బాకీ. ఎప్పుడు తీసుకొస్తావు?"

"నాకు ఆదివారమైతే వీలు" అన్నాను.

ఆమె చీటీ రాసిచ్చింది. పేరు గడిలో పెద్ద కూతురు అని, కింద పుట్టినరోజు. శ్రావణమాసపు తారీకు, వాన పడిన రోజు, ఏడాదితో సహా. మా అమ్మాయి నిజంగా ఏ రోజు పుట్టిందో రాసి ఉన్న కాగితం ఆ దేశంలో నాకదొక్కటే ఉంది. మడత పెట్టకుండా ఇంటికి తెచ్చి, ఫ్రిజ్ మీద పిల్ల కార్డు పక్కన పెట్టాను.

ఆ ఆదివారం నేను వెళ్ళలేదు. సెలవు మాత్రం పెట్టాను.